చెవికి పెట్టిన పరీక్షలు: ఇంటి హై-ఫై నూరేళ్ళ ప్రస్థానం

1916లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో ఎడిసన్ కంపెనీ ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. వేదిక మీద ఒక ఫోనోగ్రాఫ్, దాని పక్కనే గాయని మారీ రాపోల్డ్. ఆమె పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి ఆపేస్తే, ప్లేటు మీది ఆమె గొంతు పాట అందుకునేది. ఏది మనిషి గొంతో, ఏది యంత్రానిదో తేల్చుకోలేకపోయామన్నారు విన్నవాళ్ళు. ‘టోన్ టెస్ట్’ పేరుతో ఎడిసన్ మనుషులు 1915 నుంచి దాదాపు పదేళ్ళపాటు అమెరికాలో ఊరూరా ఇలాంటి సభలు నడిపారు. ఆ ప్లేట్లు ఇప్పుడు వింటే మంద్రమూ లేదు, తారమూ లేదు. మధ్య స్థాయి మాత్రం సన్నగా వినిపిస్తుంది. యంత్రానికి తగ్గట్టు గొంతు కుదించుకుని పాడేదాన్నని, ఇలాంటి సభల్లో పాడిన మరో గాయని ఆనా కేస్ తరవాతెప్పుడో చెప్పారు కూడా. అలాగని శ్రోతలు అబద్ధమాడారనుకోనక్కర్లేదు. అంతకు ముందు విన్న యంత్రాలతో పోలిస్తే వాళ్ళకు అది నిజమైన గొంతే.

మంచి శబ్దం కోసం సాగిన వేట గురించి రాసేవాళ్ళు సాధారణంగా యంత్రాల జాబితా ఇస్తారు. కానీ ఆ యంత్రాలు మెరుగైన ప్రతిసారీ చెవికి కూడా ఒక పరీక్ష జరిగింది. ఆ పరీక్షల వరస గమనిస్తే ఏ సమస్య ఎప్పుడు తీరిందో తెలుస్తుంది. తీరిపోయిన సమస్య మీదే మనుషులు డబ్బు ఎందుకు కుమ్మరిస్తూ వచ్చారో కూడా అర్థమవుతుంది.

కొలవగలిగిన లోపాలు

ఎడిసన్ ఫోనోగ్రాఫ్ పుట్టింది 1877లో. అప్పటినుంచి 1925 దాకా రికార్డింగులో విద్యుత్తు ప్రమేయమే లేదు. గాయకుడు పెద్ద బాకా ముందు నిలబడి అరిచినంత పని చేయాలి. ఆ ఒత్తిడితోనే ముల్లు కదిలి మైనం మీద గీత గీయాలి. 1925లో మైక్రోఫోను, వాల్వు ఆంప్లిఫయర్ల సాయంతో రికార్డు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ పద్ధతి రంగంలోకి వచ్చింది. అదే ఏడాది జనరల్ ఎలక్ట్రిక్‌లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు కాగితపు శంకువుకు తీగచుట్ట తగిలించి, అయస్కాంతం మధ్య ఆడించే లౌడ్‌స్పీకర్‌ను వివరించారు. నేటికీ మన ఇళ్ళలోని స్పీకర్లలో అత్యధికం ఆ నమూనా బిడ్డలే.

1927 ఆగస్టులో బెల్ లాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నది దాటే పడవలో పనికి వెళుతూ, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేజీ మీద ఒక బొమ్మ గీసుకున్నారు. ఆంప్లిఫయర్ నుంచి బయటికొచ్చే సంకేతంలో కొంత భాగాన్ని తిరగేసి మళ్ళీ లోపలికి పంపితే, ఆంప్లిఫయర్ తనంతట తాను కలిపే చెత్త (డిస్టార్షన్) చాలావరకు రద్దవుతుంది. బదులుగా కొంత బలం వదులుకోవాలి. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అనే ఈ ఉపాయం టెలిఫోన్ లైన్ల కోసం పుట్టి, తరవాత హై-ఫైకి వెన్నెముక అయింది. 1931లో లండన్‌లో ఈఎంఐ ఇంజనీరు ఆలన్ బ్లమ్లైన్ రెండు చెవుల శ్రవణానికి సరిపోయే స్టీరియో పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఒకే గాడిలో రెండు చానళ్ళు చెక్కే విధానం కూడా అందులోనే ఉంది. రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలి 1942లో ఆయన చనిపోయారు. స్టీరియో ప్లేట్లు బజారుకొచ్చేసరికి 1958 వచ్చింది.

యుద్ధం ముగిశాక అసలు హై-ఫై మొదలైంది. జలాంతర్గాముల చప్పుళ్ళు గుర్తుపట్టేందుకు బ్రిటన్‌లో డెక్కా కంపెనీ చేసిన పని, ఆ తరవాత ఎక్కువ శ్రుతులు పట్టే రికార్డులకు దారితీసింది. 1948లో కొలంబియా ఎల్పీ వచ్చింది. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు మాత్రమే పలికే లక్క ప్లేటు స్థానంలో ఇరవై నిమిషాలు దాటి మోగే వినైల్ ప్లేటు. గరగర కూడా బాగా తగ్గింది.

టంకం కడ్డీ పట్టిన అభిమానులు

1947 ఏప్రిల్, మే సంచికల్లో లండన్ పత్రిక వైర్‌లెస్ వరల్డ్ డి.టి.ఎన్. విలియమ్సన్ అనే యువ ఇంజనీరు రూపొందించిన ఆంప్లిఫయర్ సర్క్యూట్‌ను అచ్చువేసింది. 15 వాట్ల శక్తి, 0.1 శాతం లోపు డిస్టార్షన్. ఆ రోజులకు అది నమ్మశక్యం కాని అంకె. కిటుకంతా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంది. దాని చుట్లను పొరలు పొరలుగా ఒకదాని మధ్య ఒకటి పేర్చి చుడితేనే అంత ఫీడ్‌బ్యాక్ పెట్టినా ఆంప్లిఫయర్ ఊళపెట్టకుండా నిలబడుతుంది. ఎంత ఇనుము, ఎన్ని చుట్లు, ఏ వాల్వు అనే వివరాలన్నీ పత్రికలోనే ఉన్నాయి. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, అమెరికాలో అభిమానులు టంకం కడ్డీ పట్టి ఇళ్ళలోనే దాన్ని కట్టుకున్నారు. హై-ఎండ్ అన్నది తొలినాళ్ళలో డబ్బున్నవాడి వ్యసనం కాదు, ఓపికున్నవాడి హాబీ.

అమెరికాలో సాల్ మారంజ్ కథా ఇలాంటిదే. వృత్తిరీత్యా ఆయన గ్రాఫిక్ డిజైనర్. అప్పట్లో ఒక్కో రికార్డు కంపెనీ మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి ప్లేటు చెక్కే కొలత ఒక్కో రకంగా ఉండేది. వినేటప్పుడు దానికి సరిగ్గా తిరగేసి సరిదిద్దాలి. ఏ కంపెనీ ప్లేటు పెడితే ఆ కొలతకు మీట తిప్పుకునే ప్రీఆంప్లిఫయర్‌ను ఆయన సొంతానికి తయారుచేసుకున్నారు. అదే మారంజ్ కంపెనీకి పునాది. 1954లో ఆర్ఐఏఏ ప్రమాణం స్థిరపడి కంపెనీలన్నీ ఒకే దారికొచ్చాక ఆ మీటల అవసరం తీరిపోయింది. ఇంగ్లండులో క్వాడ్ అధిపతి పీటర్ వాకర్, విలియమ్సన్ సాయంతో, 1957లో పెట్టే లేని స్పీకర్ తెచ్చారు. విద్యుదావేశం ఉన్న పలచని ప్లాస్టిక్ పొరే గాలిని కదిలిస్తుంది. గొంతు పలకడంలో దాని స్వచ్ఛతను నేటికీ కొలబద్దగా చెప్పుకునేవాళ్ళున్నారు.

మంద్ర స్వరాల సమస్య తీర్చింది ఎడ్గర్ విల్చర్. అంతవరకు లోతైన బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె కావాలి. 1954లో ఆయన, హెన్రీ క్లాస్ కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో స్థాపించిన ఎకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పుస్తకాల అరలో పట్టే స్పీకర్ తయారుచేసింది. వూఫర్ కోన్‌ను గట్టి స్ప్రింగు బదులు, గాలి చొరబడకుండా మూసిన పెట్టెలోని గాలే వెనక్కి లాగుతుంది. గాలి స్ప్రింగు తీరుగా సమంగా పనిచేస్తుంది కాబట్టి డిస్టార్షన్ తగ్గింది. 1958 నాటి ఏఆర్-3కి గుమ్మటం ఆకారపు ట్వీటర్ కూడా చేరింది.

ఆ స్పీకర్లతో రెండో పెద్ద పరీక్ష జరిగింది. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ వేదిక మీద వాయిస్తూ, మధ్యమధ్య విల్లులు ఆడిస్తూనే నిశ్శబ్దంగా ఉండిపోయేది. అంతలో టేపు, స్పీకర్లు అందుకునేవి. మారిన క్షణాన్ని శ్రోతల్లో చాలామంది పట్టుకోలేకపోయారు. ఎడిసన్ సభకూ దీనికీ పెద్ద తేడా ఉంది. ఇక్కడ యంత్రానికి తగ్గట్టు ఎవరూ గొంతు కుదించుకోలేదు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఈ కంపెనీ ఒక శ్రవణ గదిని కూడా నడిపింది. రైలెక్కేవాళ్ళు కాసేపు కూర్చుని వినవచ్చు. అక్కడ ఏమీ అమ్మేవారు కాదు.

మీటరు పక్కన పెట్టి మాటలు

1960ల్లో వాల్వుల చోటికి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. తొలి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు కాగితం మీద కొలతల్లో నెగ్గి, చెవిలో ఓడిపోయాయి. సంకేతం సున్నా దాటేచోట అవి పుట్టించే డిస్టార్షన్ మోతాదులో చిన్నదే, కానీ వినడానికి కర్కశం. ఆ రోజుల్లో మీటర్లు చూపని లోపాన్ని చెవులు పట్టుకున్నాయి. 1962లో స్టీరియోఫైల్ పత్రిక స్థాపించిన జె. గోర్డన్ హోల్ట్ వాదన ఇదే: పరికరాన్ని విని చెప్పాలి. 1973లో హ్యారీ పియర్సన్ ‘ది ఆబ్సల్యూట్ సౌండ్’ పత్రిక ప్రారంభించారు. వెచ్చదనం, గాలి, వేదిక లోతు వంటి మాటలతో శబ్దానికి ఒక కొత్త వర్ణనా భాష తయారైంది. 1970లో మినియాపొలిస్‌లో ఆడియో రీసెర్చ్ కంపెనీ వాల్వులకు మళ్ళీ ప్రాణం పోసింది. 1972లో మార్క్ లెవిన్సన్ ధరకు హద్దు పెట్టుకోని ప్రీఆంప్లిఫయర్లతో మొదలుపెట్టారు. స్కాట్లండ్‌లో లిన్ కంపెనీ టర్న్‌టేబులే అన్నిటికంటే ముఖ్యమని వాదించింది. భారతీయ మూలాలున్న అమర్ బోస్, 1956లో కొన్న స్టీరియో నచ్చక పరిశోధన మొదలుపెట్టి, 1968లో తొమ్మిది డ్రైవర్లలో ఎనిమిదింటిని గోడవైపు తిప్పిన 901 స్పీకర్‌ను తెచ్చారు. 1970ల చివర్లో మాన్‌స్టర్ కేబుల్ రాకతో, అప్పటిదాకా దీపాల తీగతో సరిపెట్టుకున్న స్పీకర్లకు ఖరీదైన తీగలూ వచ్చాయి.

ఇంతలో సమస్యలు నిజంగానే తీరిపోయాయి. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ల తొలి లోపాలను ఇంజనీర్లు సరిదిద్దారు. 1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ సీడీపీ-101 విడుదలైంది. గరగర లేదు, వేగంలో ఊగిసలాట లేదు. 16 బిట్ల సీడీ లెక్కప్రకారం 96 డెసిబెల్స్ దాకా హెచ్చుతగ్గులు పట్టగలదు. తరవాతి దశాబ్దాల్లో ఎక్కువ మోత కోసం కంపెనీలు ఆ హెచ్చుతగ్గుల్ని నలిపేశాయి. ఆ తప్పు మాధ్యమానిది కాదు.

అప్పుడు మూడో విడత పరీక్షలు వచ్చాయి. 1987లో స్టీరియో రివ్యూ పత్రిక 220 డాలర్ల రిసీవర్ మొదలు 12,000 డాలర్ల వాల్వు ఆంప్లిఫయర్ జత దాకా తెర వెనక పెట్టి వినిపించింది. ఏది మోగుతోందో శ్రోతలు నమ్మకంగా చెప్పలేకపోయారు. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్లో మేయర్, మోరన్ ప్రచురించిన ప్రయోగంలో హై-రిజల్యూషన్ డిస్కుల శబ్దాన్ని సీడీ స్థాయికి కుదించి తేడా కనుక్కోమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. త్వరత్వరగా మార్చి వినిపిస్తే ఒత్తిడిలో సూక్ష్మ భేదాలు అందవన్నది హై-ఎండ్ అభిమానుల అభ్యంతరం. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంతని చెప్పుకున్నవాళ్ళు అది తెర వెనక మాయమైతే జవాబు చెప్పుకోవాలి.

అన్నిటికంటే గడుసు పరీక్ష ఎవరూ ఉద్దేశించకుండా జరిగింది. డిజిటల్ తాకని శుద్ధ అనలాగ్ రికార్డులకు మొబైల్ ఫిడెలిటీ కంపెనీ పెట్టింది పేరు. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రతులు 40,000 వేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. పాత మూల టేపును అన్నిసార్లు తిప్పడం ఎలా సాధ్యమని కొందరికి అనుమానం వచ్చింది. 2022లో కంపెనీ ఇంజనీర్లే బయటపెట్టారు: ఏళ్ళ తరబడి మధ్యలో ఒక డిజిటల్ మెట్టు ఉంది. డిజిటల్ వాసన తగిలితే పట్టేస్తామన్న చెవులు అంతకాలం ఆ ప్లేట్లనే అనలాగ్ గొప్పతనానికి సాక్ష్యంగా మెచ్చుకున్నాయి. ఆ ఏడాదే అమెరికాలో వినైల్ ప్లేట్లు సంఖ్యలో సీడీలను దాటాయి. 1987 తరవాత అదే మొదటిసారి. ప్లేటు మీద ప్రేమకు ఈ సంగతి అడ్డురాలేదు, రానక్కర్లేదు కూడా. పెద్ద అట్ట, చేత్తో ముల్లు పెట్టే తీరిక, వరసగా ఒక వైపంతా వినడం, ఇవీ ఆనందంలో భాగమే. వాటిని శబ్ద నాణ్యత అనుకోవడంలోనే పొరపాటు.

తీరని సమస్య

చూసే కన్ను తీర్పును ఎలా వంచుతుందో ఫ్లాయిడ్ టూల్ కొలిచి చూపారు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో 1980ల్లో స్పీకర్లను తెర వెనక పెట్టి ఆయన జరిపిన పరీక్షల్లో వేర్వేరు శ్రోతలు దాదాపు ఒకే రకం స్పీకర్‌ను మెచ్చారు. ఎదురుగా సమంగా పలికేది, పక్కలకు వెళ్ళే శబ్దమూ నునుపుగా ఉండేది. 1994లో సీన్ ఆలివ్‌తో కలిసి చేసిన ప్రయోగంలో, తెర ఉన్నప్పుడు బాగుందన్న చిన్న చవక సెట్టు, తెర తీసి చూపించగానే మార్కులు కోల్పోయింది.

పక్కలకు వెళ్ళే శబ్దం ముఖ్యం కావడానికి కారణం గది. నాలుగు మీటర్ల పొడవున్న గదిలో సుమారు 43 హెర్ట్జ్ దగ్గర మంద్ర స్వరం గోడల మధ్య చిక్కుకుంటుంది. గోడ పక్కన కూర్చున్నవాడికి అది మోతగా, గది మధ్యలో ఉన్నవాడికి వెలితిగా వినిపిస్తుంది. లక్షల ఆంప్లిఫయర్ కూడా దాన్ని మార్చలేదు. అమెరికా ఇళ్ళలో చెక్క చట్రం గోడలు, కార్పెట్లు ఎంతో కొంత శబ్దాన్ని తాగేస్తాయి. సిమెంటు గోడలు, టైల్సు లేదా గ్రానైట్ నేల ఉన్న మన తెలుగు ఇళ్ళలో దాదాపు అంతా తిరిగొస్తుంది. మంచి స్పీకర్ల మీద సొమ్ము పెట్టి, ఆంప్లిఫయర్ మోస్తరుదే తీసుకుని, మిగిలినదాంతో మందపాటి పరదాలు, తివాచీ, నిండుగా పుస్తకాల అరలు అమర్చుకోవడం ఈ నూరేళ్ళ పరీక్షలు చెప్పే లెక్క. అంగళ్ళలో అమ్మకం మాత్రం ఇప్పటికీ దీనికి తలకిందులుగానే సాగుతోంది. తీగకు, పెట్టెకు ధర కట్టి అమ్మవచ్చు; కుర్చీని గోడకు రెండడుగులు దూరం జరపమన్న సలహాను ఎవరూ అమ్ముకోలేరు మరి.