వరద తీసిన పిమ్మట

నదుల ఒడ్డుననే నాగరికతలు పుట్టి పెరిగినవని చరిత్ర చెప్పుచున్నది. ఆ నదియే గట్టు తెంచుకొని ఊరిమీదికి వచ్చిననాడు ఆ నాగరికత ఎంత గట్టిదో తేలిపోవును. ఏ యేట ఎంత వాన కురిసినది, ఎన్ని ఇండ్లు కూలినవి, ఎందరు మరణించిరి అను లెక్కలు సర్కారు దస్తరములలో భద్రముగా నున్నవి. కాని నీరు తీసిన మరునాడు ఆ బురదలోనికి ఎవరు వచ్చిరి, ఏమి తెచ్చిరి, ఎన్నాళ్లు నిలిచిరి అను కథను మనము అంతగా చెప్పుకొనము. దానము చేయ మనసున్న గృహస్థునకు, సేవ చేయ ఉత్సాహమున్న యువకునకు కావలసినది ఆ కథయే. ఏలయన, వరద బాధితులకు చేయు సాయములో ఎంత ఇచ్చితిమను దానికంటె ఎప్పుడు, ఎవరి చేతికి, ఏ రూపమున ఇచ్చితిమను దానియందే ఫలిత మున్నది. గడచిన నూరేండ్లకు పైబడిన మన దేశచరిత్రనుండి నాలుగు ఘట్టములను తీసికొని ఈ సంగతిని పరిశీలింతము.

మూసీ, 1908

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది హైదరాబాదు నగరమును ముంచివేసెను. సమీపమున నున్న శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినది. మూసీ పరీవాహక ప్రదేశమందలి 788 చెరువులలో 221 తెగిపోయినట్లు పిమ్మట లెక్క తేలినది. పై చెరువు తెగి క్రింది చెరువును, ఆ రెండింటి నీరు కలిసి మరియొక చెరువును తెంచుకొనుచు వచ్చి నగరముమీద పడినవి. మృతుల సంఖ్య 15,000 వరకు నుండునని అంచనా. అఫ్జల్‌గంజి ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో నేటికిని గౌరవింపబడుచున్నది.

నాటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాను తన ప్రాసాదముల తలుపులు నిరాశ్రయులకు తెరిపించెను. నగరమున అన్నశాలలు వెలసెను. కులీన కుటుంబముల స్త్రీలును సహాయకార్యమున పాల్గొనిరి. వారిలో శ్రీమతి సరోజినీ నాయుడు ముఖ్యురాలు. ఈ సేవకుగాను ఆంగ్ల ప్రభుత్వము 1911లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. 1919లో జలియన్‌వాలాబాగు దురంతము జరిగిన పిమ్మట ఆమె దానిని తిరిగి ఇచ్చివేసిరి.

అన్నము పెట్టుటతో ఆ కథ ముగియలేదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి నగరరక్షణకు పథకము వేయించిరి. మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరదకును రెండవ జలాశయమునకును నడుమ పందొమ్మిదేండ్లు గడచెను. ఆకలికి సాయము పూటలలో కొలువబడును. అభయమునకు సాయము ఏండ్లలో కొలువబడును. మూసీ నేర్పిన మొదటి పాఠ మిది.

ఉత్తర వంగము, 1922

1922 సెప్టెంబరులో ఉత్తర వంగదేశమున రాజషాహి, బొగ్రా ప్రాంతములు జలమయములాయెను. అప్పుడు సహాయ సంఘమునకు సారథ్యము వహించినవారు రాజకీయ నాయకులు కారు. రసాయన శాస్త్రాచార్యులు ప్రఫుల్లచంద్ర రాయి మహాశయులు. కలకత్తాలోని సైన్సు కళాశాలయే సహాయ కార్యాలయముగా మారినది. చందాలు లెక్కించుట, పాతబట్టలు ఏరి మూటలు కట్టుట, రైలు కెక్కించుట మొదలైన పనులు విద్యార్థులును ఉద్యోగులును చేసిరి. ఇరువదియైదేండ్ల యువకుడగు సుభాసచంద్ర బోసు వరద ప్రాంతమునకు పోయి క్షేత్రములో పనిచేసెను.

ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, పంట పోయిన రైతుకు ఊరక ధాన్యము పోయుటతో తృప్తి చెందక, రాయిగారు రాట్నమును ప్రవేశపెట్టి పని కల్పింప యత్నించిరి. చేయి చాచుట అలవాటు కాకుండ చేతికి పని చూపవలెనని వారి అభిప్రాయము. రెండవది, ఆ వరదకు కారణ మేమని శాస్త్రీయముగ విచారించుటకు ప్రశాంతచంద్ర మహలనోబిసు పూనుకొనిరి. 1870 మొదలు 1922 వరకు గల వర్షపాతమును, వరదలను పరిశీలించి వారు నివేదిక వ్రాసిరి. నీరు పోవు త్రోవలకు రైలుకట్టలు అడ్డుపడుటవలననే ముంపు పెరిగినదని ఆ రోజులలో పెద్దవాదము చెలరేగినది. దానము చేయువారు కారణమునుగూడ అడుగవచ్చును, అడుగవలెను అను భావము మన దేశమున బలపడిన సందర్భములలో ఇది యొకటి.

గుజరాతు, 1927

1927 జూలైలో గుజరాతున ఎడతెగని వానలు కురిసెను. మట్టిగోడల ఇండ్లు వేలకొలదిగా నేలమట్టమాయెను. అప్పటికి సర్దారు వల్లభభాయి పటేలు అహమ్మదాబాదు పురపాలక సంఘాధ్యక్షులు. 1918 ఖేడా సత్యాగ్రహము, 1923 బోర్సదు సత్యాగ్రహము నడిపిన అనుభవముతో పల్లెపల్లెను ఎరిగిన కార్యకర్తల సమూహము వారి వెనుక నుండెను. త్రోవలు తెగిపోయినను ఆ కార్యకర్తలు నీటిలో నడచి గ్రామములకు ధాన్యము చేర్చిరి. నీరు తీసిన వెంటనే మరల విత్తుటకు రైతులకు విత్తనములు కావలెనని గుర్తించి వానిని అందించిరి. చందాలతో సరిపుచ్చక, ప్రభుత్వముచేత గొప్ప మొత్తమును పునర్నిర్మాణమునకు విడుదల చేయించిరి.

వరద వచ్చిన పిమ్మట స్వచ్ఛంద సేవకుల దళమును కట్టబూనుట దాహమైనప్పుడు బావి త్రవ్వుట వంటిది. గుజరాతులో ఆ బావి పదియేండ్లు ముందే త్రవ్వబడియుండెను. కనుకనే సాయము వేగముగా చేరినది.

దివిసీమ, 1977

ఇక మన తెలుగువారి గుండెలో నేటికిని మానని గాయము దివిసీమ ఉప్పెన. 1977 నవంబరు 19వ తేదీన కృష్ణా ముఖద్వారమునొద్ద సముద్రము ఊళ్లపైకి ఉరికెను. సుమారు 10,000 మంది మరణించిరని అధికారుల లెక్క; అంతకు మించియుండునని పలువురి నమ్మకము. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో కుటుంబములకు కుటుంబములే తుడిచిపెట్టుకొని పోయెను. ఇది నదీవరద కాదు, తుపాను తెచ్చిన సముద్రపు పోటు. కనుక త్రాగునీటి చెరువులలో ఉప్పునీరు నిండెను, పొలములపై ఉప్పు పేరుకొనెను.

అప్పుడు నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలైన నటులు జోలె పట్టి వీధివీధి తిరిగి విరాళములు పోగుచేసిరి. తెరమీద రాజవేషము కట్టినవారు తమ వీధిలో భిక్ష మడుగగా చూచి ఇవ్వని చేయి లేదు. వారి ఖ్యాతి ఆనాడు నలుగురకు ఉపకరించినది. కాని అంతకంటె కఠినమైన పని మరియొకటి జరిగినది. మనుష్యుల శవములు, పశువుల కళేబరములు కుళ్లుచున్న ఊళ్లలోనికి స్వచ్ఛంద సంస్థల యువకులు పోయి వానిని తొలగించి దహనము చేసిరి. వారి పేర్లు ఏ శిలాఫలకమునందును మనకు కనబడవు. ఆ పని జరుగకున్నచో అంటురోగములు విజృంభించి బ్రతికినవారినిగూడ బలిగొనియుండెడివి.

అవనిగడ్డ శాసనసభ్యులు, 1975లో హైదరాబాదున ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలను నడిపిన మండలి వెంకటకృష్ణారావుగారు దివిసీమ పునర్నిర్మాణమునకు నడుము కట్టిరి. దేశములోని పలు సేవాసంస్థలు అచ్చట పక్కా ఇండ్లు కట్టించినవి. తీరము పొడవునను తుపాను రక్షణ భవనములు వెలసినవి, హెచ్చరికల పద్ధతి మెరుగైనది. 1990 మే 9న మచిలీపట్నము సమీపమున మరల మహాతుపాను తీరము దాటినప్పుడు లక్షలాది ప్రజలను ముందుగనే తరలించిరి. మృతుల సంఖ్య వేయిలోపుగ నుండెను. అదియును తక్కువ దుఃఖము కాదు. కాని పదివేలకును వేయికిని నడుమ గల తేడా అంతయు ఆ పదమూడేండ్ల సన్నాహముయొక్క ఫలమే.

నేడు మన కర్తవ్యము

నేటికిని వరదలు తగ్గలేదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణము మునిగినది. 2023 జూలై 13న ఢిల్లీలో యమున 208.66 మీటర్ల మట్టమునకు చేరి 1978 నాటి రికార్డును దాటినది. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు గండ్లు పడి విజయవాడలో సింగునగరు ప్రాంతము రోజులకొలది నీటిలో నానినది. అదే సమయమున ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణాప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. ఖమ్మములో మున్నేరు ఊరిమీద పడినది. కొలువు నిమిత్తము ఏ రాష్ట్రమున నున్నను మనకు వరద పరాయిది కాదు. ఒకప్పుడు పుట్టినయూరిని, ఒకప్పుడు కాపురమున్న యూరిని తాకుచునే యున్నది. అందుచేత పై ఘట్టములనుండి మన కుటుంబములకు పనికివచ్చు నాలుగు మాటలు చెప్పుట అవసరము.

మొదటిమాట ధనమునుగూర్చి. దూరమున నున్నవారు ఇవ్వదగిన సాయము ధనమే. దూరమునుండి పంపిన పాతబట్టల మూటకు మోత కూలి, ఏర్పాటు కూలి, తుదకు పారవేయు కూలి కలిసి దాని వెలను మించుట కలదు. ధనమైనచో సమీపపు అంగడిలోనే కావలసిన వస్తువు కొనవచ్చును, ఆ అంగడివాడును నిలద్రొక్కుకొనును. 1948 జనవరిలో దేశవిభజన శరణార్థులకొరకు నెహ్రూగారి పిలుపుతో ఏర్పడిన ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి ప్రజల స్వచ్ఛంద విరాళములతోనే నడచుచున్నది. రాష్ట్రములలో ముఖ్యమంత్రి సహాయనిధులు కలవు. 1920 నాటి చట్టముతో ఏర్పడిన రెడ్‌క్రాసు సంఘమును కలదు. ఏ సంస్థ కిచ్చినను రసీదు అడుగుట అవమానము కాదు. చేసిన ఖర్చును బహిరంగపరచు సంస్థకే మరల ఇచ్చుట ఉచితము. ఉద్యోగులు ఒకదినపు వేతనము నిచ్చు ఆచారము మంచిది. అయితే అది మనస్ఫూర్తిగ ఇచ్చినదై యుండవలెను. పై అధికారి మొగము చూచి ఇచ్చినది పన్ను అగునుగాని దానము కాదు.

రెండవమాట వస్తువులనుగూర్చి. దగ్గరలో నున్నవారు మొదట అడిగి, పిమ్మట తీసికొనిపోవలెను. నీరు తీసిన ఇంటికి ముందు కావలసినవి పార, చీపురు, బొక్కెన, బ్లీచింగు పొడి, కాచిన నీరు. పిమ్మట వంటపాత్రలు, దుప్పట్లు, పిల్లల పాఠ్యపుస్తకములు. తాము కట్టనొల్లని బట్ట నితరులకు పంపరాదు. ఆపదలో నున్నవారికిని మానము కలదు.

మూడవమాట శ్రమదానమునుగూర్చి. శిక్షణలేనివాడు ప్రవాహములోనికి దిగినచో రక్షింపవలసినవారి సంఖ్య ఒకటి పెరుగును. పడవ నడుపుట, ప్రాణరక్షణ నేర్చినవారికి వదలి, తక్కినవారు వంటశాలలోను, బురద ఎత్తుటలోను, వృద్ధులకు మందులు చేర్చుటలోను నిలువవలెను. పని నేర్వగోరు యువకులకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆరంభించిన ఆపదమిత్ర శిక్షణ, పౌరరక్షణ దళముల శిక్షణ మార్గము చూపును. ఎండకాలములో నేర్చినది వానకాలమున అక్కరకు వచ్చును.

నాలుగవమాట ముఖ్యముగా మనవంటి కొలువువారికి సంబంధించినది. వరదలో కొట్టుకొనిపోవువానిలో కాగితములు ప్రధానమైనవి. పొలము పాసుపుస్తకము, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, పిల్లవాని మార్కుల పత్రము, పింఛను కాగితము నానిపోయిన ఇల్లాలికి సర్కారు మంజూరు చేసిన సాయముగూడ సులభముగ అందదు. ఏ నకలు ఏ కచ్చేరిలో దొరకును, అర్జీ ఎట్లు వ్రాయవలెను, ఏ గడువులోపల పెట్టవలెను అను విషయములు ఆమెకు తెలియవు, మనకు తెలియును. ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసికొని శిబిరములో కూర్చుండి రోజుకు ఇరువది అర్జీలు పూర్తిచేసి ఇచ్చు గుమాస్తా చేయు సేవ జోలె పట్టిన నటుని సేవకు తీసిపోదు. పరాయి రాష్ట్రమున కూలికి పోయి వరదలో చిక్కిన తెలుగు కుటుంబమునకు అచ్చటి భాషలో అర్జీ వ్రాసి పెట్టగలవాడు మరింత ఉపకారి.

తుదకు ఒక్క విన్నపము. వరద వార్త పత్రికల మొదటి పుటలో నున్న వారము దినములు విరాళములు వెల్లువగా వచ్చును. వార్త లోపలి పుటకు జరిగిన పిమ్మట దాతలును జరుగుదురు. కాని గోడ లేచునది, పొలము ఉప్పు విరుగునది, పిల్లవాడు మరల బడికి పోవునది ఆ తరువాతనే. ఈయదలచిన మొత్తములో సగమును నేడిచ్చి, మిగిలిన సగమును ఆరుమాసముల పిమ్మట, అందరు మరచిన వేళ, ఇచ్చుటకు దాచి యుంచుడు. మన సంఘములును ఆ గడువును క్యాలెండరులో గుర్తించుకొని అప్పుడొకమారు ఆ యూరికి పోయి చూచి వచ్చుట అలవాటు చేసికొనవలెను. వరద వచ్చిన దినమును లోకమంతయు ఎరుగును. వరద తీసిన పిమ్మటి దినములను గుర్తుంచుకొనువాడే నిజమైన బంధువు.