కింద కొట్లు, పైన ఇళ్లు: మెయింటెనెన్స్ లెక్క ఎక్కడ తప్పింది?

అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ తగాదాలకు యజమానుల పిసినారితనమే కారణమని అంటుంటారు. లెక్క సరిగానే ఉంది, కట్టేవాళ్లే మొండికేస్తున్నారట. చరిత్ర చూస్తే తప్పు లెక్కలోనే కనిపిస్తుంది.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1958లో ప్యూర్టోరికో, తర్వాత అమెరికా రాష్ట్రాలు, 1970లో మహారాష్ట్ర, 1972లో కర్ణాటక, 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టాలు చేసుకున్నాయి. ఫ్లాటు విలువను బట్టి ఉమ్మడి ఆస్తిలో వాటా, వాటాను బట్టి ఖర్చు అని మహారాష్ట్ర చట్టం సూటిగా చెప్పింది. మన వాడుకలో అది చాలాచోట్ల చదరపు అడుగుకు ఇంత అన్న రేటుగా మారింది.

దీనికి వేరే దారి లేదన్న నమ్మకమే నాకు అభ్యంతరం. అదే కాలంలో, 1965 జూలై 10 నాటి ఫ్రెంచి చట్టం 10వ అధికరణంలో ఖర్చును రెండుగా విడదీసింది. భవనం సంరక్షణ, పరిపాలన ఖర్చు వాటా ప్రకారం. లిఫ్టు వంటి ఉమ్మడి సౌకర్యాల ఖర్చు ఒక్కో భాగానికి ఉండే ఉపయోగం ప్రకారం. ఇక్కడ ఉపయోగమంటే రోజూ ఎక్కి దిగడం కాదు, పనికొచ్చే వీలుండటం. అందుకే మూడో అంతస్తులో తాళం వేసిన ఇల్లు కూడా లిఫ్టు ఖర్చు భరించాలి. వీధిలోకే తెరుచుకునే కింది కొట్టు సాధారణంగా భరించనక్కర్లేదు. అయితే ఇది కొట్లకు రాయితీ మాత్రమే అనుకోకూడదు. కింద హోటలుంటే నీళ్లు, చెత్త, మురుగు ఖర్చులో ఎక్కువ భారం దానిదే కావాలి. ఉపయోగాన్ని కొలవడం కష్టమన్నది నిజమే. కష్టమని వదిలేయడం న్యాయం కాదు.

ఖర్చును ప్రయోజనంతో ముడిపెట్టడం కడప సీమకు కొత్తేమీ కాదు. చెరువు మరమ్మతు బాధ్యతకు ప్రతిఫలమైన దశబంధం ఇనాం భూమి సాధారణంగా ఆ చెరువు కిందే ఉండేది. కట్ట తెగితే ఇనాందారు పంటకూ నష్టమే.

మళ్లీ అపార్ట్‌మెంట్లకు వస్తే, 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం యజమానుల సంఘం ఏర్పాటును తప్పనిసరి చేసినా, ఖర్చు పంచే సూత్రం చెప్పలేదు. 2025లో బొంబాయి హైకోర్టు పుణె వివాదంలో, చిన్నా పెద్దా ఫ్లాట్లకు సమాన వసూలు కుదరదని, వాటా ప్రకారమే కట్టాలని తీర్పిచ్చింది. చట్టం రాసిన తీరుకు అది సరైనదే. కొట్టు, ఇల్లు కలిసిన భవనాల చిక్కు మాత్రం దానితో తీరదు.

2022 నుంచి కొన్నేళ్లు జిల్లా కేంద్రంగా ఉన్న రాయచోటి వంటి ఊళ్లలో కింద కొట్లు, పైన ఇళ్లు మామూలు దృశ్యం. అక్కడ కొనేవారు రిజిస్ట్రేషన్‌కు ముందే సంఘం నియమావళిలో రెండు ఖాతాలు రాయించుకోవాలి: అందరి ఖర్చు ఒకటి, వాడేవారి ఖర్చు మరొకటి.