ఇందూరు సీమలో మాధ్యమ విద్య

ఏ కొత్త సాధనమైనను ముందుగా మన ఇంటికి వచ్చును. దానిని గూర్చిన విద్య చాల కాలమునకు గాని బడికి రాదు. అచ్చుయంత్రము, రేడియో, చలనచిత్రము, టెలివిజను, నేటి చేతిఫోను అన్నింటి చరిత్రయు ఇదియే. ఇవి జనుల వాడుకలో స్థిరపడిన పిదపనే విశ్వవిద్యాలయములు వీనిని పాఠ్యవిషయములుగా అంగీకరించినవి. ఈ విద్య ఎట్లు పెరిగినదో, నిజామాబాదు, బోధను ప్రాంతములకు దానితో పని యేమో ఈ ప్రసంగమున కొంత విచారింతము.

ముందుగా మన సీమలోని మరియొక విద్యను తలచుకొందము. మంజీరా నదిపై నిజాంసాగరు 1931 నాటికి పూర్తియైనది. కాలువనీరు పారిన మీదట చెరకుసాగు విస్తరించినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. చెరకును గానుగాడి బెల్లము వండుట మన రైతులకు తరతరముల విద్యయే. కాని కర్మాగారమున చక్కెర తీయుటకు ఆ నేర్పు చాలలేదు. రసమునకు సున్నము ఎంత చేర్చవలెనో, గంధకధూమము ఎట్లు పట్టింపవలెనో, పాకము ఏ దశలో పలుకు కట్టునో ఎరిగిన రసాయనజ్ఞులు కావలసివచ్చిరి. అట్లని శాస్త్రము మాత్రము చదివి, మరుగుచున్న పాకమును కన్నెత్తి చూడనివాడు అక్కడ ఒక్కపూట నిలువలేడు. చేతిపనియు శాస్త్రమును కలిసిననే చక్కెర. మాధ్యమ విద్యకును ఇదియే సూత్రమని మేము తలంతుము.

ప్రపంచమున పత్రికారచనకు ప్రత్యేక విద్యాలయము 1908లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమున వెలసినది. మన ఉపఖండమున 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయము ఈ బోధనకు పూనుకొన్నది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినప్పుడు బోధనభాష ఉర్దూ. ఆధునిక శాస్త్రములకు పదములు సమకూర్చుటకై అంతకు ముందేడే అనువాదశాఖ నొకదానిని నెలకొల్పిరి. కొత్త విద్యకు కొత్త పదములు అవసరమని పాలకులు గ్రహించిరి. కాని నిజామాబాదు పల్లెలలో జనుల నోట నున్నది తెలుగు. ఆ విద్యకును ఆ పల్లెకును నడుమ భాషయే అడ్డుగోడ యైనది.

ఇంతలో రేడియో వచ్చినది. 1935లో నిజాం ప్రభుత్వము హైదరాబాదు ప్రసారకేంద్రమును తన చేతిలోనికి తీసికొనినది. 1950లో అది ఆకాశవాణిలో చేరినది. ఉస్మానియాలో పత్రికారచనా శాఖ 1954లో ఆరంభమైనది. అప్పటికి రేడియో వచ్చి దాదాపు ఇరువదేండ్లు. అయినను తొలినాళ్లలో ఇట్టి శాఖలలో వార్తాపత్రికయే ప్రధానము. ధ్వనికిని, దృశ్యమునకును పీట తరువాత దక్కినది.

ఉత్పత్తి నేర్పుటతోడనే సిద్ధాంతమును పెరిగినది. మాధ్యమము మోసుకొనివచ్చు మాటకంటె ఆ మాధ్యమమే జనజీవనమును ఎక్కువగా మార్చునని 1964లో కెనడా పండితుడు మార్షల్ మెక్లూహన్ ప్రతిపాదించెను. ఇది మన రైతుకు కొత్త సంగతి కాదు. నిజాంసాగరు కాలువ నీటిని మాత్రమే తేలేదు. పంటను మార్చినది, కూలిని మార్చినది, ఊరి నడకనే మార్చినది. మెకోంబ్స్, షా అను అమెరికా పరిశోధకులు 1972లో మరియొక సంగతి చూపిరి. పత్రికలు దేనిని ప్రముఖముగా ప్రకటించునో దానినే పాఠకులును ముఖ్యవిషయముగా ఎంచుదురని వారి పరిశీలన. చెరకు ధర మొదటిపుటకు ఎక్కినదా, లోపలిపుటలో మూలకు ఒదిగినదా అనునది చిన్న విషయము కాదని దీనివలన తెలియుచున్నది.

1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను బోధన సాగినది. వానిలో ఆంధ్రప్రదేశము ఒకటి. కార్యక్రమములు సిద్ధపరచిన కేంద్రములలో హైదరాబాదు ఒకటి. పల్లెవారు ఒకచోట కూడి చూచిరి, వినిరి. కాని తెరకు మారుపలుకు వారు పలుకుటకు వీలు లేదు. ఆకాశతరంగములు ప్రజల ఆస్తియని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2006లో స్వచ్ఛందసంస్థలకును సముదాయ రేడియో నడుపుకొను అవకాశము కలిగినది. 2008లో మనకు పొరుగుననే, అప్పటి మెదకు జిల్లాలోని మాచునూరున దళిత మహిళలు నడుపు సంగం రేడియో ప్రారంభమైనది. చిరుధాన్యములు పండించు స్త్రీలే ధ్వనిముద్రణ నేర్చి, తమ పలుకుబడిలో తమ సంగతులు ప్రసారము చేసిరి. డిగ్రీలు లేకయే వారు చూపిన ఈ దారి విశ్వవిద్యాలయములకును పాఠమైనది.

ఆ 2006లోనే నిజామాబాదు జిల్లాకు తెలంగాణ విశ్వవిద్యాలయము లభించినది. డిచ్‌పల్లి ప్రాంగణమున జనసంబంధ మాధ్యమముల శాఖ కలదు. ఒకప్పుడు ఈ విద్యకై హైదరాబాదునకు పోవలసిన రైతుబిడ్డకు ఇది ఇంటిముంగిట విద్యయైనది. ఇది ఎందులకు అవసరమో బోధను కథయే చెప్పును. ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన ఆ కర్మాగారమున 2002లో అధికభాగము ప్రైవేటువారి చేతికి పోయినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. కార్మికుల బ్రతుకులు, చెరకు రైతుల లెక్కలు తారుమారైనవి.

ఈ కథను చెప్పువారెవరు? కెమెరా త్రిప్పుట మాత్రమే నేర్చిన యువకుడు తుప్పుపట్టిన యంత్రమును అందముగా చిత్రించి తృప్తిపడవచ్చును. సిద్ధాంతము మాత్రమే చదివిన యువకుడు శక్కర్‌నగరు గడప త్రొక్కకయే పెద్ద వ్యాసము వ్రాయవచ్చును. ఆ కార్మికుని ఇంట కూర్చుండి, ఓపికతో విని, ఎవరి మాట వినబడినది, ఎవరి మాట వినబడలేదు అని తర్కించి, పిదప దానిని ధ్వనిగాను దృశ్యముగాను కూర్చగల వాడే ఈ విద్యకు సార్థక్యము కలిగించును.

నేడు ప్రతి చేతిలోను ఒక చిన్న ప్రసారకేంద్రము ఉన్నది. నిజమునకు పదిరెట్లు వేగముతో అబద్ధము ఊరు చుట్టి వచ్చుచున్నది. కావున సాధనము కొనుట సులభము, దానిని ఎరుగుట కష్టము అయినది. మీ ఇంటి పిల్లవాడు ఈ చదువు చదివెదనన్నచో అది వట్టి వినోదపు విద్య యని త్రోసివేయకుడు. ఏమి నేర్పుదురని, ఎవరి కొరకు నేర్పుదురని మాత్రము తప్పక అడుగుడు.