ఎల్‌సి ఒకరి పేరున, చావు ఇంకొకరిది

ఆళ్ళగడ్డ అంటే ఫ్యాక్షన్ చరిత్ర చెప్తారు. నంద్యాల అంటే 1977లో నీలం సంజీవరెడ్డినీ, 1991లో పి.వి. నరసింహారావునీ పార్లమెంటుకు పంపిన ఊరని చెప్తారు. ఓట్లకు లెక్కుంది. బాంబులకు చచ్చినవాళ్ళకూ లెక్కుంది. ఈ పొలాల్లో కరెంటు స్తంభమెక్కి మాడిపోయినవాడి పేరు మాత్రం చరిత్రకెక్కదు.

ఈ చరిత్రని అంబేద్కర్ దగ్గర మొదలుపెట్టాలి. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో ఆయన కార్మిక శాఖ సభ్యుడు. అప్పుడు విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేది. కరెంటు చౌకగా, పుష్కలంగా దొరకాలనీ, అది ప్రభుత్వం చేతిలో ఉండాలనీ 1943లోనే వాదించారు. కరెంటునీ కూలివాణ్ణీ కలిపి చూసిన చూపు అది. తర్వాత కరెంటు ఒక ఆఫీసుకీ, కూలివాడు ఇంకో ఆఫీసుకీ పోయారు.

1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1983లో మోటార్లకి హార్స్‌పవరుకి ఏడాదికి 50 రూపాయల స్లాబు పెట్టారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. కె.సి. కెనాల్ నీళ్ళందని మెరక పొలాల్లో బోర్లు పెరిగాయి, లైన్లు సాగాయి. ఇది భూమి ఉన్నవాడికి అందిన మేలు. భూమి లేని మాలపల్లె, మాదిగపల్లె పిల్లోళ్ళకి అందింది స్తంభమెక్కే పని.

1999లో బోర్డుని విడగొట్టారు, 2000లో పంపిణీ కంపెనీలొచ్చాయి. లైన్లు పెరిగినంతగా లైన్‌మన్ ఉద్యోగాలు పెరగలేదు. కొంత పని కాంట్రాక్టు కూలీల మీద, మిగిలింది ఊళ్ళో ‘ప్రైవేటు హెల్పర్’ మీద పడింది. అతనికి ఆర్డరు లేదు, గుర్తింపు కార్డు లేదు. ఫ్యూజు కడితే ఆసామి చేతిలో పెట్టిందే జీతం. 2019లో సచివాలయాలకి ఎనర్జీ అసిస్టెంట్లు వచ్చాక కూడా ఈ హెల్పరు పోలేదు.

చావు ఎలా వస్తుందో చూడండి. స్తంభమెక్కే ముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సి, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కళ్ళతో చూడాలి. పనిచేసే చోటుకి రెండు పక్కలా ఎర్త్ రాడ్ వేయాలి. చాలాసార్లు జరిగేది వేరు. లైన్‌మన్ సారు ఫోన్లో ఎల్‌సి తీసుకుని, ‘ఎక్కరా’ అంటాడు. ఒక బ్లేడు అంటుకునే ఉంటుంది. లేదా ఎక్కడో జనరేటరు నుంచి కరెంటు వెనక్కి లైన్లోకొస్తుంది. ఎర్త్ రాడ్ వేసుంటే మనిషి బతికే దారుండేది. ఎల్‌సి లైన్‌మన్ పేరు మీద ఉంటుంది, స్తంభం మీద ఉన్నవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

నంద్యాల టౌన్లో హౌస్ వైరింగూ ఇంతే. లైసెన్సు కాంట్రాక్టరుది, పర్మిటు ఇంకొకరిది, మెయిన్ తీయకుండా తడిగోడ మీద చెయ్యి పెట్టేది పదో తరగతి తప్పిన పిల్లోడు.

దీన్ని నిర్లక్ష్యం అని సరిపెడతారు. ఆ నిర్లక్ష్యం ఊరి మీద పడకుండా పల్లె మీదే ఎందుకు పడుతోంది? మురుగు గుంతలోకి ఎవరు దిగాలో చెప్పిన కులమే స్తంభం ఎవరెక్కాలో కూడా చెప్తోంది.

చట్టం లేక కాదు. అనుమతి లేనివాడు కరెంటున్న లైన్ మీద పని చెయ్యకూడదని 1956 విద్యుత్ నియమాల్లో 36వ నియమం చెప్పింది. అతన్ని కాపాడాల్సిన ఆ మాటే చచ్చాక అతని మీదికి తిరుగుతుంది: ‘నిన్నెవరు ఎక్కమన్నారు?’ ప్రమాదం జరిగితే తెలియజేయాలని 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షను అంటోంది. కాంట్రాక్టరు కూలీకి అసలు యజమాని కూడా బాధ్యుడేనని 1923 నష్టపరిహార చట్టం 12వ సెక్షనే చెప్పింది. తప్పు ఎవరిదైనా కరెంటు సరఫరా చేసేవాడిదే బాధ్యత అని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, శైల్‌కుమారి కేసులో 2002లో సుప్రీంకోర్టు తేల్చింది.

కానీ కోర్టుకి కాగితం కావాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే కరెంటు చావుల లెక్కలో ఆడా మగా ఉంటుంది, వయసుంటుంది. కులం ఉండదు. ఎవరి మోటారు కోసం ఎక్కాడో ఉండదు. అది మనమే రాయాలి. ఎల్‌సి ఎవరి పేరునుంది, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులో టైమెంత, ఫోన్ చేసిందెవరు, పొలం ఎవరిది, చచ్చినవాడిది ఏ పల్లె. శవం లేవకముందే ఈ అయిదూ రాసిపెట్టుకుంటే అతను ఎవరి పనిలో చచ్చాడో రుజువు చెయ్యొచ్చు. లేకపోతే ‘దొంగతనంగా ఎక్కాడు’ అని వాళ్ళే రాసేస్తారు.