మచ్చలేని కెంపు

రాత్రి తొమ్మిదిన్నర. బందరులో వాన పొద్దుటినుంచీ తెరిపివ్వలేదు. కోనేరు సెంటర్ అవతల ఆ సందులో మోకాటిలోతు నీళ్లు. కొరియర్ కుర్రాడు బండి సందు మొదట్లోనే ఆపేసి, పార్సిల్ చొక్కాలో దాచుకుని నడిచొచ్చాడు. ఓటీపీ చెప్పించుకున్నాడు. వెళ్లిపోయాడు. అరచేతిలో పట్టేంత అట్టపెట్టె, బరువే లేదు. ఖరీదు మాత్రం పద్నాలుగు వేల ఎనిమిది వందలు.

"ఆగండి. వీడియో తీయకుండా విప్పొద్దు" అంది భార్య, ఫోను ఎత్తి పట్టుకుని. అతను బ్లేడుతో టేపు కోశాడు. లోపల బుడగల కవరు, అందులో దూది, దూదిలో ప్లాస్టిక్ డబ్బీ. మూత తీశాడు. కరెంటు పోయింది.

చీకట్లో ఫోను వెలుగు ఒక్కటే. ఆ వెలుగులో డబ్బీ మధ్య దానిమ్మ గింజంత ఎరుపు. అతని తల్లి మంచం మీంచి లేచి, గోడ పట్టుకుని నడిచొచ్చి, వంగి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. "అచ్చం అదేరా" అంది చివరికి. అతనికి అక్కడే ఊపిరాడింది. కానీ డబ్బీ అడుగున మడిచిపెట్టిన కాగితం మీద ఇంకో సంగతి ఉంది. నచ్చకపోతే వాపసుకి గడువు ఏడు రోజులు.

అంతకు మూడు వారాల ముందు, కార్తీక సోమవారం. గుడినుంచి ఇంటికొచ్చిన తల్లి ఎడమచెవి తడుముకుంది. దుద్దు ఉంది, దుద్దులో రాయి లేదు. ఖాళీ గిన్నె చర్మానికి గీసుకుంటోంది. గుడి మెట్లు వెతికారు, ఆటో సీటు కింద వెతికారు, వాకిట్లో చెత్తంతా జల్లెడ పట్టారు. దొరకలేదు. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ దుద్దులు అత్తగారు ఆవిడ చెవులకి పెట్టినవి. తెచ్చింది మామగారు, రంగం నుంచి. రంగం అంటే రంగూన్. కోస్తా జిల్లాల్లో పని దొరకని ఎన్నో ఇళ్లనుంచి ఒకరో ఇద్దరో ఓడెక్కి వెళ్లిన ఊరు. 1941 డిసెంబరులో ఆ ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాక, బియ్యం మిల్లులో పనిచేసే ఆ మనిషి ఉన్నదంతా వదిలేసి, దుద్దులజత మాత్రం పంచె అంచులో కుట్టుకుని, సగం దారి నడిచి సగం దారి దొరికిన బండెక్కి ఇల్లు చేరాడు. బర్మా కెంపులు. మూడు తరాలుగా ఆ ఇంట్లో వాటి పేరు అదే. అలాంటి కెంపు బందరులో ఎక్కడ దొరుకుతుంది?

అతను ఫోనులో వెతికాడు. గ్రామ సచివాలయంలో ఉద్యోగం, పొద్దస్తమానం కంప్యూటరు ముందే కూర్చుంటాడు, ఆన్‌లైన్‌లో కొనడం కొత్తేం కాదు. రాళ్లు కొనడమే కొత్త. రాత్రి ఒంటిగంట దాకా వేలితో తోస్తూనే ఉన్నాడు. ఒకే రంగు, ఒకే సైజు. ఒకచోట 450 రూపాయలు, ఇంకోచోట 4 లక్షలు. మధ్యలో ఎక్కడో, 2023 జూన్‌లో న్యూయార్క్ వేలంలో మొజాంబిక్ కెంపు ఒకటి, 55.22 క్యారెట్లది, 3 కోట్ల 48 లక్షల డాలర్లు పలికిందన్న వార్త. చదివి కళ్లు నులుముకున్నాడు. కిందికి తోశాడు. ఆగిపోయాడు.

"ఒరిజినల్ మాణిక్యం. 3.35 రత్తి. సర్టిఫికెట్‌తో." కింద ఎర్ర అక్షరాలు: ఈ రాయి ఒక్కటే ఉంది, మరో నలుగురు చూస్తున్నారు. ఫొటోలో కెంపు నిప్పులా ఉంది. వెనక నల్ల గుడ్డ, పైన పసుపు దీపం. ఆ రెండూ పెడితే గాజుపెంకు కూడా నిప్పులాగే ఉంటుందని అతనికి చెప్పేవాళ్లు లేరు. రత్తి అంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. గురివింద గింజ. పూర్వం బంగారం తూచింది వాటితోనే. ఇప్పుడు రాళ్ల బజారులో రత్తి అంటే సుమారు 182 మిల్లీగ్రాములు, క్యారెట్ అంటే సరిగ్గా 200. తన కింద నలుపెరగని గింజతో కొలిచి అమ్ముతున్నారన్న మాట. అమ్మేవాడికి మెసేజ్ పెట్టాడు: "ఒరిజినలేనా అండీ?" జవాబు క్షణంలో వచ్చింది. "వంద శాతం సార్." అతను డబ్బు కట్టేశాడు.

ఇప్పుడు ఆ రాయి వంటింటి గట్టు మీద ఉంది. కరెంటు వచ్చింది. వాన పెరిగింది. అతను మిల్లీగ్రాముల్లో కాకపోయినా గ్రాములో నూరో వంతు దాకా చూపించే చిన్న కాటా ఒకటి తెప్పించి పెట్టుకున్నాడు. రాయి పెట్టాడు. 0.61 గ్రాములు. బరువు మోసం లేదు. తర్వాత గాజుగ్లాసులో నీళ్లు పోసి, గ్లాసుని కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేశాడు. భార్య కుట్టుమిషను దారం తెంపి ఇచ్చింది. రాయిని దారానికి కట్టి, అడుగు తగలకుండా, గ్లాసు అంచు తగలకుండా, ఊపిరి బిగబట్టి నీళ్లలోకి దించాడు. అంకె వణికింది. 0.14. 0.16. నిలబడింది.

0.15. పక్కకి తోసిన నీళ్ల బరువు అది. 0.61ని 0.15తో భాగించాడు. నాలుగు పైన చిల్లర. కెంపు నీళ్లకంటే నాలుగు రెట్లు బరువు. మామూలు గాజు రెండున్నర రెట్ల దగ్గరే ఆగిపోతుంది. పాత రాజుల కిరీటాల్లో కెంపుగా చలామణీ అయిన స్పినెల్ కూడా 3.6 దగ్గరే ఉంటుంది. "గాజు కాదు!" అని గట్టిగా అరిచాడు. పక్కగదిలో పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు.

మర్నాడు ఆదివారం. మెడికల్ షాపులో దొంగనోట్లు పట్టే ఊదారంగు దీపం ఉంది. షాపతను ఎరిగినవాడే. కౌంటరు కింద చీకట్లో రాయి మీద దీపం వేశారు. భగ్గుమంది. కుంపట్లో బొగ్గు ఊదినట్టు లోపల్నుంచి ఎర్రగా వెలిగింది. క్రోమియం ఉన్న కెంపు చేసే పని అది. కెంపులా కనపడే గార్నెట్ అలా వెలగదు. ఇంక మిగిలింది ఒకటే అనుమానం, అన్నిటికంటే చెడ్డది.

2004 ప్రాంతంలో రాళ్ల బజార్లలోకి ఒక కొత్త సరుకు దిగింది. పగుళ్లతో పనికిరాని చవక కెంపుల్లోకి సీసం కలిపిన గాజును కరిగించి నింపుతారు. పగుళ్లు మాయమై రాయి తేటపడుతుంది. కంసాలి కుంపటి సెగ తగిలితే చాలు, ఆ గాజు చెడుతుంది. నిమ్మరసం తగిలినా పొక్కుతుంది. ఇది చదివిన అతను నిమ్మకాయ అడిగాడు. "పద్నాలుగు వేల రాయిని పులిహోర చేస్తారా?" అని భార్య నవ్వుతూనే కోసి ఇచ్చింది. స్టీలు గిన్నెలో రాత్రంతా నాననిచ్చాడు. (పచ్చలతో, ముత్యాలతో, పగడాలతో ఈ సాహసం చేయకండి. నిమ్మరసంలో ముత్యం, పగడం కరుగుతాయి.) తెల్లారి తీసి, తుడిచి, భూతద్దం పెట్టి చూశాడు. పైన చిన్న గుంట లేదు, గీత లేదు. మూడు పరీక్షలు, మూడూ పాసు. ఇక పొదిగించడమే.

వాన శుక్రవారానికి గానీ తగ్గలేదు. ఆరో రోజు. అతను తల్లిని బండి మీద ఎక్కించుకుని చిలకలపూడి వెళ్లాడు. కవరింగు నగల ఊరు అది. సందులోకి తిరిగితేనే యాసిడ్ వాసన, సుత్తి చప్పుడు. కంసాలి ఆచారిగారి కొట్టు ఆరడుగుల గది. తడిసిన గోడ, వేలాడే ట్యూబ్‌లైటు, నేల మీద చాప. డెబ్బై ఏళ్ల మనిషి శ్రావణంతో రాయిని పట్టుకుని, కంటికి భూతద్దం బిగించుకుని, ముందు ఆవిడ కుడిచెవి దుద్దు పక్కన పెట్టి చూశాడు. కొత్తదాన్ని చూశాడు. పాతదాన్ని చూశాడు. మళ్లీ కొత్తదాన్ని చూశాడు. "జత భలే కుదిరిందే" అని గొణిగి, ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు.

తర్వాత రాయిని ఒక్కదాన్నే లైటు వైపు ఎత్తాడు. అటూ ఇటూ తిప్పాడు. నిమిషం గడిచింది.

"ఏమైంది ఆచారిగారూ? మచ్చ ఏమైనా ఉందా?"

"మచ్చ లేదు బాబూ. అదే నా భయం."

తెల్లకాగితం చింపి లైటుకి అడ్డంపెట్టి, దాని ముందు రాయిని వెల్లకిలా తిప్పి, భూతద్దం అతని చేతికిచ్చాడు. "తొందరపడకు. మెల్లిగా వంచు. నీళ్లలో చూసినట్టు చూడు." అతనికి ముందు ఎరుపు తప్ప ఏమీ కనపడలేదు. వంచాడు. ఇంకొంచెం వంచాడు. చూపు నిలిచింది. లోపల, చాలా సన్నగా, ఒకదాని పక్కన ఒకటి, గ్రామఫోన్ రికార్డు మీద గాడుల్లా, వంపు గీతలు.

"భూమిలో పుట్టిన రాయికి గీతలుంటే తిన్నగా ఉంటాయి, మూలలు తిరుగుతాయి. ఇలా గుండ్రంగా వంగవు" అన్నాడు ఆచారి. "నలభై ఏళ్లుగా కవరింగు నగల్లో నేను పొదిగేది ఇవే. ఎక్కడున్నా గుర్తుపడతా."

వర్నోయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1902లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. అల్యూమినా పొడిలో చిటికెడు క్రోమియం కలిపి, రెండు వేల డిగ్రీలు దాటిన మంటలోంచి జల్లిస్తారు. పొడి కరిగి బొట్లుబొట్లుగా కింద కడ్డీ మీద పడుతుంది, పొర మీద పొర పేరుకుంటుంది, గంటల్లో కోలగా ఉండే కెంపుగడ్డ తయారవుతుంది. పొరలు వంపుగా పేరుకుంటాయి గనక గీతలూ వంపుగానే మిగిలిపోతాయి. మిగతాదంతా కెంపే. అదే పదార్థం, అదే బరువు, ఊదా దీపం కింద అదే వెలుగు. నిమ్మరసం దాన్ని ఏం చేస్తుంది? అతను చేసిన మూడు పరీక్షలూ ఇది కెంపేనా అని అడిగాయి. ఎక్కడ పుట్టిందని ఒక్కటీ అడగలేదు.

అతను జేబులోంచి సర్టిఫికెట్ లాగాడు. ప్లాస్టిక్ పూత పూసిన కార్డు. పదార్థం: కోరండం. రకం: రూబీ. సాంద్రత: 4.00. అన్నీ నిజాలే. "సహజసిద్ధం" అన్న మాట ఎక్కడా లేదు. వెనక్కి తిప్పాడు. అక్కడా లేదు. వెబ్‌సైటులోనూ "ఒరిజినల్" అనే ఉంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాడు. తెరుచుకున్నది పరీక్షాశాల పేజీ కాదు, అమ్మినవాడి దుకాణమే. టైం చూశాడు. గడువుకి ఇంకా ఒక్క రోజుంది.

చాప మీద కూర్చునే వాపసు కోరాడు. పెట్టె విప్పిన వీడియో జతచేశాడు. జవాబు వచ్చింది: "రాయి వంద శాతం ఒరిజినల్ సార్. సర్టిఫికెట్ చూడండి." అతను ఒక్క ప్రశ్న రాశాడు. "ఇది గనిలో పుట్టిందా, ఫ్యాక్టరీలోనా? బిల్లు మీద రాసివ్వండి." రెండు నీలం టిక్కులు పడ్డాయి. తర్వాత ఏమీ లేదు. ఆ రాత్రి లేదు. మర్నాడూ లేదు.

సోమవారం రాయి హైదరాబాద్‌లోని రత్న పరీక్షాశాలకి వెళ్లింది. నివేదిక రెండు మాటల్లో తేల్చింది: సింథటిక్ రూబీ. ఆన్‌లైన్ అమ్మకందారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెప్పేది ఇదే. ఈ రెండు గడువులూ ప్రస్తావించి, నివేదిక జతచేసి, అతను ఆ సైటు ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాడు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాడు. మొత్తం పంతొమ్మిది రోజులు. డబ్బు వెనక్కి వచ్చింది, కొరియర్ ఖర్చులు పోను. కథ అక్కడ అయిపోవాలి.

కానీ ఆవిడ ఊరుకోలేదు. "ఆచారి ఆవేళ ఏదో అనబోయి మింగేశాడురా" అంది. మళ్లీ చిలకలపూడి. మళ్లీ ఆ చాప. ఈసారి వాన లేదు, గుమ్మంలోంచి ఎండ సరిగ్గా పీట మీద పడుతోంది. ఆవిడ కుడిచెవి దుద్దు తీసి ఆచారి ముందు పెట్టింది. "ఇదీ విప్పి చూడు."

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"చూడమన్నాను కదా."

వెనక మూసేసిన పాతకాలపు గిన్నె. వెలుతురు లోపలికి పోదు. అందుకే ఎనభై ఏళ్లలో ఎవరూ ఆ రాయి లోపలికి చూడలేదు. ఆచారి అంచులు లేపాడు. రాయి పీట మీద చిన్న చప్పుడుతో పడింది. శ్రావణంతో ఎత్తి ఎండకి పెట్టాడు. ఎంతోసేపు చూడలేదు. అద్దం తీసి అతనికిచ్చాడు. వంపు గీతలు. వాటి మధ్య, సూదిమొనంత, గాలిబుడగలు రెండు.

బర్మాలో కెంపుల లోయ మొగోక్. అక్కడ గనులు తవ్విన ఇంగ్లీషువాళ్ల కంపెనీ 1889లో పుట్టి, 1925కల్లా మూతదారి పట్టింది. వర్నోయ్ మంటలో పుట్టిన చవక కెంపులు ధరల్ని కూల్చిన కారణాల్లో ఒకటి. కెంపుల దేశంలోనే ఆ రాళ్లు అమ్ముడుపోయాయి. బియ్యం మిల్లు కూలీకి, రంగం బజారులో, ఎవడో ఒక జత అంటగట్టాడు. మనవడికి ఫోనులో ఒకటి అంటగట్టాడు ఇంకెవడో. జత కుదరక ఏమవుతుంది?

ఎవరూ మాట్లాడలేదు. పక్క కొట్లో సుత్తి చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

"పంచెలో కుట్టుకుని తెచ్చాడు ఆయన" అంది ఆవిడ. "రెండూ ఎక్కించెయ్ ఆచారీ. ఈ చెవికి అలాంటిదే పెట్టు."

ఆచారి సొరుగు లాగాడు. లోపల రేకు డబ్బాలో ఎర్రరాళ్లు గుప్పెడు. వెతికి ఒకటి తీశాడు. సాయంత్రానికి దుద్దులు సిద్ధం. రాయికి రెండు వందలు, పనికి ఆరు వందలు. అడక్కుండానే బిల్లు పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు: సింథటిక్ కెంపు, ఒకటి.