ఎత్తు కొండలు – మెల్లని నడక

మన సర్జాపురము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. ఇచ్చట స్థిరపడిన తెలుగు యువకులు పలువురు సెలవు దొరికినంతనే నందికొండ నెక్కుదురు. అంతటితో తృప్తి చెందక హిమాలయములకు పయనమగుదురు. నందికొండ 1,478 మీటర్లు. తెలుగునాట మిక్కిలి యెత్తైన తూర్పుకనుమల శిఖరములు సైతము 1,700 మీటర్లను దాటవు. ఎత్తు కొండలపై గలుగు వ్యాధి సాధారణముగా 2,500 మీటర్లకు పైననే పొడసూపును. కావున మనము పుట్టిపెరిగిన కొండలలో నేదియు దీనిని గూర్చి మనల నెచ్చరింపలేదు. అందుచేతనే దీని చరిత్రను పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

ఈ బాధ మిక్కిలి పురాతనమైనది. సుమారు రెండువేల యేండ్లనాటి చైనా గ్రంథములలో 'పెద్ద తలనొప్పి కొండ', 'చిన్న తలనొప్పి కొండ' యను పేర్లు గలవు. అకోస్తా యను స్పెయిన్ దేశపు మతగురువు, ఆండీస్ కనుమలో తాను పడిన వాంతుల బాధను 1590లో వర్ణించి, అచ్చటి గాలి మనుష్యుల యూపిరికి తగనంత పలుచనిదని యూహించెను. 1878లో పాల్ బేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అసలు కారణమును ప్రయోగములతో నిరూపించెను. ఎత్తు పెరిగినకొలది గాలి యొత్తిడి తగ్గును; దానితో మనకందు ప్రాణవాయువును తగ్గును. 5,500 మీటర్ల యెత్తున నది సముద్రతీరమున నున్నదానిలో ఇంచుమించు సగమే.

మన పూర్వులు బదరీ కేదారములకు పోలేదా యని కొంద రడుగవచ్చును. పోయిరి, కాని కాలినడకను పోయిరి. హృషీకేశమునుండి చట్టీలలో విడిదిచేయుచు వారముల తరబడి నడచిరి. దేహము ఎత్తున కలవడుటకు వలయు వ్యవధి ఆ నడకలోనే వారికి దొరికెడిది. నేడు బెంగుళూరున విమానమెక్కినవారు మరునాటికే గౌరీకుండము చేరగలరు. అచ్చటినుండి ఒక్క దినమున సుమారు 1,600 మీటర్లు పైకెక్కి, 3,583 మీటర్ల యెత్తుననున్న కేదారమున నిద్రింతురు. నడకలో దాగియున్న ఔషధమును వేగము హరించినది.

1962 యుద్ధకాలమున మైదానపు సైనికులు హిమాలయములకు త్వరితముగా తరలింపబడినప్పుడు దేశమీ సత్యమును కష్టపడి నేర్చినది. ఇందర్ సింగ్ మొదలగు సైనిక వైద్యులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ఫలితములను ప్రకటించిరి. వ్యాధిగ్రస్తులందరును వ్యాయామ మెరిగినవారే. దేహదార్ఢ్యము దీనికి కవచము కాదు.

2014 మే 25వ తేదీన ఎవరెస్టు నధిరోహించిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌లు మన కాదర్శప్రాయులు. నాటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. వారును ఒక్క యంగలో శిఖరమునకు పోలేదు. మొదట భువనగిరి బండపై, పిమ్మట డార్జిలింగునందు, ఆపై లడఖ్ మంచుకొండలలో మెట్టుమెట్టుగా శిక్షణ పొందిరి.

ఇక పాటింపవలసిన నియమములు స్వల్పములే. 3,000 మీటర్లు దాటినపిమ్మట నిద్రించు తావును దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు దినముల కొక దినము విశ్రమింపవలెను. తలనొప్పి, వికారము, ఆకలి మందగించుట తోచినచో అచ్చటనే నిలువవలెను, తగ్గనిచో దిగవలెను. కూర్చున్నను ఆయాసము తీరకున్నను, అడుగులు తడబడినను, మాట తప్పినను, తెల్లవారువరకు వేచియుండక రోగిని తోడుతో వెంటనే దింపవలెను. మందులు వైద్యుని సలహాపై వాడదగినవే కాని, అవి దిగుటకు బదులు కావు.

అయినను, ఈ నియమము లన్నిటికంటె కష్టమైనది మరియొకటి గలదు. జట్టు తనకొరకు నిలిచిపోవునను సంకోచముతో, తోడివారు నవ్వుదురను భయముతో తలనొప్పిని దాచుకొనువారు గలరు. ఆ మౌనమే ప్రాణముమీదికి తెచ్చును. కనుక బయలుదేరు ముందే జట్టులోని పెద్దలు, "బాధను చెప్పినవాడు పిరికివాడు కాడు" అని యెల్లరి యెదుట పలుకవలెను. కొండ యెచ్చటికిని పోదు. మరుసటి యేడును మనకొరకు నిలిచియుండును. మన బిడ్డలు క్షేమముగా ఇల్లు చేరుటయే మాకు ముఖ్యము.