జిరాక్స్ షాపు మీద ముకద్దమా



మొన్న సెలవులకు మా బిటియా హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. ఎం.ఏ. చదువుతోంది. సంచీలోంచి ఇటుకంత మందం స్పైరల్ బైండింగ్ కట్ట తీసి తఖ్త్ మీద పెట్టింది. మా అమ్మీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కితాబు ఎంత పెట్టి కొన్నావ్ బేటీ?" అని అడిగింది.

"కొనలేదు దాదీ. పది పుస్తకాల్లోంచి ఒక్కో పాఠం. ప్రొఫెసర్ లిస్టు ఇస్తే జిరాక్స్ తీయించుకున్నాం."

"అంటే మాలిక్‌ని అడగకుండానే నకల్ తీశారా? తౌబా!"

బిటియా నా వైపు చూసింది. "నిజంగానే ఇది చోరీ కిందికి వస్తుందా అబ్బా?"

ఫత్వా ఇవ్వడానికి నేను ఆలిమ్‌ని కాను. కానీ ఈ సవాల్ మీద మన దేశంలోనే ఐదేళ్లపాటు అదాలత్‌లో ముకద్దమా నడిచింది. దాని వెనక ఇంకా పాత తారీఖ్ ఉంది. ఆ రోజు దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని ఇంట్లోవాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు యూట్యూబ్ చూసే పిల్లలందరి నోటా 'ఫెయిర్ యూజ్' అనే మాట వినిపిస్తోంది. అది పుట్టింది అమెరికాలో, అదీ బడిపిల్లల పుస్తకం మీద పడిన తగాదాలో. జారెడ్ స్పార్క్స్ అనే ఆయన జార్జి వాషింగ్టన్ ఖతూత్ అన్నీ జమ చేసి 12 సంపుటాలుగా వేశాడు. చార్లెస్ అప్‌హమ్ అనే పాదరీ వాటిలోంచి 353 పేజీలు తీసుకుని, స్కూలు లైబ్రరీల కోసం 2 సంపుటాల చిన్న పుస్తకం తయారుచేశాడు. మొదటి పబ్లిషర్లు బోస్టన్‌లో దావా వేశారు. 1841లో జస్టిస్ జోసెఫ్ స్టోరీ ఫైసలా ఇచ్చాడు. ఎంత తీసుకున్నారు, ఎలాంటి భాగం తీసుకున్నారు, అసలు పుస్తకం అమ్మకానికి ఎంత నుక్సాన్ జరిగింది అనేవి చూడాలన్నాడు. ఈనాటి అమెరికా కానూన్‌కు బునియాద్ అదే. మజా ఏమిటంటే, ఆ ముకద్దమాలో బడిపిల్లల పుస్తకం ఓడిపోయింది. స్కూలు లైబ్రరీల కోసం మంచి పని చేస్తున్నవాళ్లకు ఈ ఫైసలా అడ్డం పడుతుందేమోనన్న అఫ్సోస్‌ను కూడా జడ్జిగారు అందులోనే రాశారు.

మన దగ్గరికి వచ్చిన కానూన్ అమెరికాది కాదు, అంగ్రేజులది. 1911 నాటి బ్రిటిష్ చట్టాన్నే కొన్ని మార్పులతో 1914లో బ్రిటిష్ ఇండియాలో అమలు చేశారు. సొంత చదువుకు, పరిశోధనకు, సమీక్షకు వాడుకునే రుఖ్సత్ అందులో ఉంది. బడి కోసం వేసే సంకలనాల్లో ఒకే రచయిత నుంచి, ఒకే పబ్లిషరు, ఐదేళ్లలో రెండు చిన్న భాగాలకు మించి తీసుకోకూడదు. అలా కొలిచి పెట్టారు, రేషన్ షాపులో చక్కెర కొలిచినట్టు.

ఆ రోజుల్లోనే బొంబాయిలో ఒక తమాషా జరిగింది. ప్లూటార్క్ రాసిన సికందర్ జీవితాన్ని, పాత ఇంగ్లీషు తర్జుమాలోంచి కుదించి, నోట్స్ చేర్చి మాక్‌మిలన్ కంపెనీ 1918లో బడిపిల్లల కోసం వేసింది. కూపర్ అనే బొంబాయి పబ్లిషరు అదే పాఠాన్ని తనూ వేశాడు. తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. సికందర్ కథను ఊరికే కత్తిరించి కుదించినందుకు మీకు హక్కు రాదు, కానీ నోట్స్‌లో మీ మెహనత్ ఉంది కాబట్టి వాటి మీద హక్కు ఉంది అని తేల్చారు. నాకు నచ్చిన సంగతి ఇది. మెహనత్ ఎక్కడుందో అక్కడే హక్కు.

హైదరాబాద్ మాట చెప్పకపోతే మా అమ్మీ ఊరుకోదు. ఉస్మానియా యూనివర్సిటీలో ఇల్మ్ అంతా ఉర్దూలోనే చెప్పాలని నిర్ణయించి, 1917లోనే దారుత్తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ దాని మొదటి నాజిమ్. ఇంగ్లీషులో ఉన్న సైన్సు, తారీఖ్, కానూన్ కితాబులు ఒక్కొక్కటే ఉర్దూలోకి వచ్చాయి. ఆ తర్జుమాల్లో కొన్నిటి ముందు పేజీల్లోనే, హక్కు ఉన్న విలాయతీ కంపెనీ ఇజాజత్‌తో అచ్చు వేశాం అని కనిపిస్తుంది. రియాసత్ ఖజానా వెనక ఉంది కాబట్టి ఇజాజత్ అడగడం, తెచ్చుకోవడం కుదిరింది. హాస్టల్ గదిలో ఉన్న ఒక ఆడపిల్ల పది మంది పబ్లిషర్లకు ఉత్తరాలు రాసి ఇజాజత్ తెచ్చుకోవాలంటే ఎక్కడ కుదురుతుంది?

ఆజాదీ వచ్చాక 1957లో మన సొంత కాపీరైట్ చట్టం వచ్చింది. అందులో ఒక చిన్న వాక్యం ఉంది. బోధన సాగే క్రమంలో ఉస్తాద్ గానీ షాగిర్ద్ గానీ ఒక రచనకు నకల్ తీసుకుంటే అది హక్కు భంగం కాదు అని దాని సారాంశం. ప్రశ్నపత్రంలో వాడినా, జవాబులో రాసినా అంతే. ఒక్క ఏడాది ముందు, 1956లో, బ్రిటన్ కూడా ఇలాంటి వాక్యమే రాసుకుంది. కానీ నకళ్లు తీసే యంత్రం మాత్రం వాడకూడదు అని షరతు పెట్టింది. మన పార్లమెంటు ఆ షరతు రాయలేదు. ఎందుకు వదిలేశారో గానీ, రాయని ఆ నాలుగు మాటలే అరవై ఏళ్ల తర్వాత మన పిల్లలకు పనికొచ్చాయి.

ఇక అసలు ముకద్దమా. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసెస్ అని ఒక చిన్న దుకాణం. యూనివర్సిటీ లైసెన్సు ఇచ్చి పెట్టించిందే. ప్రొఫెసర్లు సిలబస్ ప్రకారం ఏ పుస్తకంలో ఏ పాఠం చదవాలో లిస్టు ఇస్తారు. షాపువాళ్లు ఆ పాఠాలు జిరాక్స్ తీసి, కట్టగా కుట్టి, అప్పట్లో పేజీకి అర్ధ రూపాయి అటూఇటుగా అమ్మేవాళ్లు. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఆ షాపు మీద, ఢిల్లీ యూనివర్సిటీ మీద హైకోర్టులో దావా వేశాయి. అడిగిన హర్జానా 60 లక్షల రూపాయలు! అదాలత్ కమిషనర్‌ను షాపుకు పంపింది. అక్టోబరులో ఆ కట్టలు అమ్మకుండా తాత్కాలిక నిషేధం కూడా వచ్చింది.

పబ్లిషర్ల వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. వాళ్లు ఉస్తాద్‌ని, షాగిర్ద్‌ని ఏమీ అనలేదు. మధ్యలో షాపువాడు తిజారత్ చేస్తున్నాడు కదా, చట్టంలో అతని పేరు ఎక్కడుంది అన్నారు. యూనివర్సిటీ లైసెన్సు ఫీజు కట్టి నకళ్లు తీసుకోవాలి అన్నారు. పుస్తకం అచ్చు వేయాలంటే ఖర్చవుతుంది, ఎడిటర్‌కు జీతం ఇవ్వాలి. అదీ నిజమే.

కానీ పబ్లిషర్లు అనుకోనిది ఒకటి జరిగింది. తాలిబె ఇల్మ్‌లు ఊరికే కూర్చోలేదు. ఒక అంజుమన్ కట్టి, మమ్మల్నీ ఈ ముకద్దమాలో చేర్చుకోండి, తేలేది మా చదువు సంగతే అని అదాలత్‌కు వెళ్లారు. ఉస్తాదులు ఇంకో సంఘంగా వచ్చారు. ఇంకా గమ్మత్తు, ఏ రచయితల హక్కు కోసం పోరాడుతున్నామని పబ్లిషర్లు అన్నారో, వాళ్లలోనే చాలామంది దావా మాకు వద్దని ఖత్ రాశారు. మూడు వందల మందికి పైగా రచయితలు, ప్రొఫెసర్లు సంతకాలు చేశారు. అమర్త్యసేన్ కూడా పబ్లిషర్లకు నచ్చజెప్పే ప్రయత్నం చేశారు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. తాను చదువుకునే రోజుల్లో లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకునేవాళ్లమని ఆయన ఫైసలాలో గుర్తుచేసుకున్నారు. చేత్తో రాసుకుంటే తప్పు కానిది, యంత్రం వచ్చి అదే పని చేస్తే తప్పెలా అవుతుందన్నది ఆయన సవాల్. నాకు మా అబ్బాజాన్ గుర్తొచ్చారు. ఆయన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం మొత్తం లాంతరు దగ్గర కూర్చుని చేత్తో దించుకున్నారు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ అల్మారాలో ఉంది.

బోధన అంటే గంట కొట్టినప్పటి నుంచి మళ్లీ గంట కొట్టేదాకా క్లాసులో జరిగేదే కాదు, సిలబస్ వేసిన నాటి నుంచి ఇంతిహాన్ దాకా అంతా బోధనే అని కూడా ఆ ఫైసలాలో ఉంది. ముప్పై నలభై పుస్తకాల్లో ఒక్కో పాఠం చదవాల్సిన పిల్లలు ఆ పుస్తకాలన్నీ కొనేవాళ్లు ఎలాగూ కాదు, కాబట్టి వాళ్లను పోగొట్టుకున్న ఖరీదారులుగా లెక్కవేయకూడదు.

పబ్లిషర్లు అప్పీలుకు వెళ్లారు. 2016 డిసెంబరు 9న జస్టిస్ ప్రదీప్ నంద్రజోగ్, జస్టిస్ యోగేశ్ ఖన్నా బెంచి మూలసూత్రం అదే ఉంచింది. ఇన్ని పేజీలు, ఇంత శాతం అని హద్దు లేదు, బోధనకు అవసరమైనంత తీసుకోవచ్చు. చదువుకున్నవాళ్లు పెరిగితే రేపు పుస్తకాలు కొనేవాళ్లూ పెరుగుతారని కూడా అన్నారు. అయితే ఆ కట్టల్లో పెట్టిన పాఠాలు నిజంగా చదువుకు అవసరమైనవేనా అన్నది సాక్ష్యాలతో తేల్చాలని కింది కోర్టుకు తిప్పి పంపారు. ఈలోగా షాపు ఆపే పని లేదు.

ఇక్కడ ఒక మాట. ఈ రుఖ్సత్ బోధనకు. మొత్తం పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి టెలిగ్రామ్‌లో వంద రూపాయలకు అమ్మేవాడు ఈ ఫైసలాను ఢాలులా అడ్డం పెట్టుకోవడం నాకు సిగ్గుచేటు అనిపిస్తుంది. చిన్న ప్రెస్సులో సొంత డబ్బుతో అచ్చు వేసుకున్న మన తెలుగు రచయిత కితాబును పూర్తిగా నకల్ తీయడం కూడా అంతే. ఆయన వెనక ఆక్స్‌ఫర్డ్ లేదు.

సినిమాలు, పాటల సంగతి కూడా బిటియా అడిగింది. 2012 సవరణతో ఉస్తాద్, షాగిర్ద్‌ల వాక్యం ఏ రకమైన రచనకైనా వర్తించేలా మారింది. ఆ సవరణ అమల్లోకి వచ్చిన రెండు నెలలకే ఢిల్లీ దావా పడింది. స్కూల్లో సినిమా చూపించినా, పాట వేసినా, ప్రేక్షకులు పిల్లలు, సిబ్బంది, తల్లిదండ్రులు, స్కూలుకు సంబంధించినవాళ్లే అయితే తప్పు కాదని చట్టంలోనే ఇంకో చోట ఉంది. యాన్యువల్ డే డాన్సులకు భయపడక్కర్లేదు. అన్నట్టు బరాత్‌లో వేసే పాటలకు కూడా ఇదే చట్టంలో వేరే మినహాయింపు ఉంది. అది మా తమ్ముడికి చెప్పకండి, ముందే సౌండ్ ఎక్కువ.

"మరి ఆ షాపాయన సంగతి ఏమైంది?" అని అమ్మీ అడిగింది, పాన్‌దాన్ మూస్తూ.

2017 మార్చిలో పబ్లిషర్లు దావా వాపస్ తీసుకున్నారు. లైసెన్సులు ఇచ్చే పబ్లిషర్ల సంస్థ సుప్రీంకోర్టుకు వెళితే, మేలో అక్కడా జోక్యం చేసుకోలేదు. కింది కోర్టు చేయాల్సిన ఆ సాక్ష్యాల విచారణ అలా జరగకుండానే పోయింది.

అమ్మీ కాసేపు ఆలోచించి, బిటియా కట్టకు పాత సియాసత్ పేపర్‌తో అట్ట వేసి ఇచ్చింది.